కాగితం బొమ్మకు వీపు ఉండదు

పోయిన వారం మా ఇంటికి ఒక పార్సిలు వచ్చింది. మూడో తరగతి చదువుతున్న మా మనవరాలికి బడిలో ప్రాజెక్టు ఇచ్చారట. ఇంట్లో ఉన్న వస్తువులతో ఒక కాగితం బొమ్మ చేయాలి, దానికి బట్టలు, నగలు, చెప్పులు, చేతిసంచి అన్నీ చేయాలి. ఇంట్లో ఉన్న వస్తువులతో అని అంత స్పష్టంగా చెప్పారు కాబట్టి మా కోడలు వెంటనే ఫోన్ తీసి ఆర్డరు పెట్టింది. పెట్టె విప్పితే అచ్చువేసిన బొమ్మలు, అచ్చువేసిన గౌన్లు, చించుకోవడానికి చుట్టూ సన్నటి చిల్లులు. కత్తెరతో పనిలేదు, జిగురుతో పనిలేదు, బుర్రతో అసలే పనిలేదు. పెట్టె మీద 'హోమ్ మేడ్' అని బంగారు రంగు అక్షరాలు. ఎవరి హోములో మేడ్ చేశారో ఆ మహానుభావులు రాయలేదు. బొమ్మకు కొంగ మెడ, లారీ లైట్లలాంటి కళ్ళు, నడుము ఉందో లేదో దేవుడికే తెలియాలి. పక్కన ఒక కుక్క, ఆ కుక్కకు నల్ల కళ్ళద్దాలు కూడా ఇచ్చారు. బొమ్మకు మాత్రం చీర లేదు. "చీర లేదేంది?" అని అడిగితే, "అది వేరే ప్యాక్ అత్తయ్యా, ఇంకోటి తెప్పించాలె" అంది కోడలు. టీవీలో ప్రకటనలు అయిపోయేలోపు మనవరాలి పని కూడా అయిపోయింది. చించింది, తొడిగింది, తీసింది, మళ్ళీ తొడిగింది. "నానమ్మా, అయిపోయింది. ఇప్పుడేం చెయ్యాలె?" అని నా ముఖం చూసింది. ఏం చెప్పను? ఆ పెట్టె తయారుచేసినవాడికి కూడా ఆ తర్వాత ఏం చేయాలో తెలిసి ఉండదు.

నాకు నోటిదురుసు అని నాగర్‌కర్నూల్లో మా ఇంట్లో, చుట్టుపక్కల ఇళ్ళలో పేరుంది. నేను కాదనను. అయితే అది నా సొంత సంపాదన కాదు, గద్వాలలో మా మేనత్త దగ్గర్నుంచి వచ్చిన ఆస్తి. పుట్టింటి నుంచి నాకు వచ్చింది అదొక్కటే కాబట్టి జాగ్రత్తగా వాడుకుంటున్నాను. మా నాన్నకు చెల్లెలు ఆమె. మేము అత్తమ్మ అనేవాళ్ళం. మాది మగ్గాల ఇల్లు. ముందుగదిలో రెండు గుంట మగ్గాలు, ఒకదాని మీద మా పెదనాయన, ఇంకోదాని మీద మా నాన్న. మగ్గాలు పోగా మిగిలిన జాగాలో మనుషులు సర్దుకునేవాళ్ళు. మగవాళ్ళు నేసేవారు, ఆడవాళ్ళు దారం తోడి కండెలు చుట్టేవారు. చీర మీద పేరు మాత్రం నేసినవాడిది. అత్తమ్మ చేతులు మహా చురుకు. మధ్యాహ్నానికే తన వంతు కండెలు చుట్టేసి, వెనక వసారాలో రాట్నం పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుని కత్తెర తీసేది. ఆ కత్తెర చప్పుడు వినబడితే వీధిలో ఆడపిల్లలందరూ మా వసారాలో ఉండేవారు.

ఆమె బొమ్మకు ఒళ్ళు చినిగిపోయిన జాకార్డు అట్టతో అయ్యేది. మగ్గం పైన దండలాగా వేలాడుతూ, ఏ దారం లేవాలో ఏది దిగాలో చెప్పే చిల్లుల అట్టలవి. చిల్లులు అలాగే ఉంచితే బొమ్మకు అమ్మవారు పోసినట్టు ఉంటుందని పైన పాత శుభలేఖ ముక్క గంజితో అతికించేది. ఆరిన తర్వాత కోసేది. ముఖం పెన్నుతో గీసేది, జుట్టుకు నల్లదారం. తెగిపోయిన జరీ పోగులతో కమ్మలు, వడ్డాణం, ముక్కుపుడక. అగ్గిపెట్టెలు నాలుగు అతికిస్తే బీరువా. చీరలకేమో సావుకారి ఇంటి నుంచి వచ్చే గ్రాఫ్ కాగితాలు. సావుకారి అంటే మాకు పట్టు, జరీ ఇచ్చి నేసిన చీర తీసుకుపోయే పెద్దమనిషి. డిజైను గీసేవాడు తప్పుచేసి పారేసిన గ్రాఫ్ కాగితాలు చీరల కట్టలతో పాటు మా ఇంటికి చేరేవి. అత్తమ్మ వాటి ఖాళీ భాగంలో గడిగడికీ రంగు నింపి చీర గీసేది. భుజాల దగ్గర రెండు చెవులు వదిలేది. ఆ చెవులు వెనక్కి మడిస్తే బొమ్మ మీద చీర నిలుస్తుంది. అంచు గీసేటప్పుడు ఆమె నాలుక పళ్ళ మధ్య నుంచి కొంచెం బయటికి వచ్చేది. ఆ సమయంలో ఎవరు పిలిచినా పలికేది కాదు.

అన్నిటికన్నా మేము చచ్చేలా నవ్వింది ఆమె చుట్టాల బొమ్మలు చూసి. మా పెదనాయన బొమ్మకు ధోతి ఒక్కటే, తలపాగాలు మాత్రం గంపెడు. పెళ్ళి తలపాగా, పంచాయితీ తలపాగా, సావుకారి ముందు చేతిలో పట్టుకునే తలపాగా. మనిషి కూడా అంతే. అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుందని సామెత, మా పెదనాయన రెండో రకం విస్తరి. మీసం దువ్వుకోకుండా ఒక మాట చెప్పేవాడు కాదు. మా నాన్న ఆయన చెప్పిందానికి తల ఊపేవాడు. తల ఊపడంలో మా నాన్నను మించినవాడు గద్వాలలో లేడు. ఇంకొక మగ బొమ్మ ఉండేది. దానికి చొక్కా విప్పొచ్చు, ధోతి విప్పొచ్చు, చెప్పులు తీయొచ్చు, నడుముకున్న తాళంచెవుల గుత్తి మాత్రం రాదు. "ఇది ఎందుకు రాదు అత్తమ్మా?" అని అడిగితే, "అది నిద్రల గూడ తియ్యడు బిడ్డా, అంటించేసిన" అనేది. అది ఆమె భర్త బొమ్మ.

అత్తమ్మను వనపర్తి ఇచ్చారు. రాస్తుంటేనే చేయి ఒకసారి ఆగింది, ఎందుకో తర్వాత చెబుతాను. ఊరిది తప్పేమీ లేదు, మంచి ఊరు. ఆ ఊళ్ళో ఆయనకొక కిరాణా కొట్టు. బియ్యం డబ్బాకు తాళం, చక్కెర డబ్బాకు తాళం, ఊరగాయ జాడీ ఉన్న అరకు తాళం. ఆ తాళంచెవులు మొలతాడుకు. భార్య చాయ పెట్టాలంటే ఆయన కొట్టు నుంచి లేచి వచ్చి చక్కెర తీసిచ్చి, మళ్ళీ తాళం వేసి పోవాలి. అలాంటి మనిషి కూడా ఏటా ఖాతాదారులకు దేవుడి బొమ్మల కాలెండర్లు ఉచితంగా పంచేవాడు, వాటి మీద ఆయన పేరు దేవుడి పేరు కన్నా పెద్దగా ఉండేది కాబట్టి. పోయిన ఏడాదివి మిగిలి అటక మీద ఎలుకలు కొడుతుంటే, అత్తమ్మ వాటిని దించి, పక్కింటి పిల్లలకు బొమ్మలు కోసిచ్చింది. ఆయన చూశాడు. దేవుణ్ణి కత్తెరతో కోసిందని గంతులేశాడు. ఇంట్లో ఉన్న బొమ్మలు, పిల్లల చేతుల్లో ఉన్న బొమ్మలు, వాటి చీరలు, గొడుగులు, చేతిసంచులు అన్నీ ఏరి పొయ్యిలో పెట్టాడు. దేవుణ్ణి కోశారని దేవుణ్ణి కాల్చిన భక్తుణ్ణి నేను ఇంకెక్కడా వినలేదు. పిల్లలు ఏడుస్తుంటే అత్తమ్మ ఏడవలేదు. మరునాడు పొద్దున ఆయన కొట్టుకు పోగానే కట్టుబట్టలతో బస్సెక్కి, కృష్ణ దాటి గద్వాల వచ్చేసింది.

మా ఇంట్లో పంచాయితీ కూర్చుంది. కొట్టాడా? లేదు. తాగుతాడా? లేదు. ఇంకొకతె ఉందా? అంత ఖర్చు పెట్టే మనిషి కాదు. మరి ఎందుకొచ్చావ్? "బొమ్మలు కాల్చిండు" అంది అత్తమ్మ. అంతే చెప్పింది. పెద్దమనుషులు పొట్టలు పట్టుకుని నవ్వారు. మా పెదనాయన తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకుని, "కాయిదం బొమ్మలు కాల్చిండని మొగుణ్ణి ఇడ్సిపెడ్తరానే? ఊరోళ్ళు ఇంటే ముఖాన ఊంచుతరు" అన్నాడు. ఆ రోజుల్లో దెబ్బల మచ్చ చూపిస్తే సర్దుకుపొమ్మనేవాళ్ళు, బొమ్మల బూడిద చూపిస్తే నవ్వేవాళ్ళు. ఏది చూపిస్తే ఉండనిచ్చేవాళ్ళో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక మనిషిని వదిలి రావడానికి బొమ్మలు కాల్చడం కన్నా మంచి కారణం ఇంకొకటి ఉందని నేను అనుకోను. కాని నన్నెవరూ అడగలేదు, నాకప్పుడు పాలపళ్ళు ఊడుతున్నాయి. సావుకారి బిడ్డ పెళ్ళి పనులు అయ్యేదాకా కండెలు చుట్టడానికి చేతులు కావాలి కాబట్టి అప్పటివరకు ఉండనిచ్చి, తర్వాత మొగుణ్ణి పిలిచి అప్పజెప్పాలని మా పెదనాయన తీర్మానించాడు. ఆమె అదే వసారాలో కూర్చుని, అదే కత్తెరతో బొమ్మలు కోస్తూ ఆ తీర్మానం వింది. రాత్రిపూట నా పక్కన పడుకుని మాత్రం, "నేను మల్ల ఆ తాళాల ఇంటికి పోతే బతకనే బిడ్డా" అని ఒకసారి అంది. నాకు భయమేసి ఆమె కొంగు పట్టుకుని పడుకున్నాను.

సావుకారి బిడ్డ పెళ్ళిచీర నేసే పని మా పెదనాయనకు వచ్చింది. ఆయనే నెత్తికెత్తుకున్నాడు. గద్వాలలో ఎవరూ చూడని కొంగు నేస్తానని సావుకారి ముందు మీసం దువ్వి మాటిచ్చి వచ్చాడు. ఇంటికొచ్చాక తెలిసింది, తనకు గీతల కొంగు, రుద్రాక్షల కొంగు తప్ప వేరేది రాదని. పుట్టినప్పటి నుంచి నేసింది అవే. గీతకు తలాతోకా ఉండదు, రుద్రాక్షకు కిందా మీదా ఉండదు. ఎటు తిప్పినా ఒకటే. ఆయనలాగే. రెండు రోజులు మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసుకుని బీడీలు కాల్చాడు. అప్పుడే నా చేతిలో ఉన్న పెళ్ళికూతురు బొమ్మ ఆయన కంట్లో పడింది. దాని చీర కొంగు మీద చిలుకలు. ఆకుపచ్చ చిలుకలు, ఎర్ర ముక్కులు, నడుము దగ్గర్నుంచి ఒకదాని మీద ఒకటి నిలబడి ఛాతీ మీదుగా ఎడమ భుజానికి ఎక్కుతున్నట్టు గీసింది అత్తమ్మ. "ఏంది బిడ్డా అది, ఇటియ్యి" అని తీసుకున్నాడు. చీపురుపుల్లతో గడులు లెక్కపెట్టుకున్నాడు. బొమ్మ నాకు తిరిగి వచ్చింది, చీర రాలేదు. నా పెళ్ళికూతురు చాలా రోజులు లంగాతోనే ఉంది. ఆయన వీధిలో అడిగినవాళ్ళందరికీ అమ్మవారు కలలో కనబడి కొంగు చూపించిందని చెప్పాడు. అమ్మవారికి వేరే పనేమీ లేక, ఈయన నిద్రలో గ్రాఫ్ కాగితం పట్టుకుని కూర్చుందన్నమాట.

డిజైను అట్టలు కొట్టించి మగ్గానికి ఎక్కించిన రోజు అత్తమ్మ కండెల బుట్ట ఇవ్వడానికి ముందుగదిలోకి వెళ్ళింది. పైన వేలాడే అట్టల వైపు, కింద మొదలైన కొంగు వైపు చూసింది. "అన్నా, జర ఆగు. అది బొమ్మ చీర. కాయిదం బొమ్మకు ఈపుండదు. మనిషికి ఉంటది" అంది. పెదనాయన మా నాన్న వైపు చూసి పకపకా నవ్వాడు. మా నాన్న నవ్వాలో వద్దో తెలియక తల ఊపాడు. "మా తాతల కాడికెళ్ళి నేస్తున్నం. కండెలు సుట్టేదానివి, నువ్వు నాకు నేర్పిస్తవా? పో, పోయి బొమ్మలాడుకో" అన్నాడు. ఆమె బుట్ట అక్కడ పెట్టి వచ్చేసింది. నేను, "ఏమైతది అత్తమ్మా?" అని అడిగితే, "ఏం గాదు. చిలుకలకు సర్కస్ వస్తది" అంది.

నేత పూర్తయి చీర మగ్గం మీద నుంచి తెగి చేతికి వచ్చింది. పడుగు మీద ఇంకొక చీరకు సరిపడా దారం మిగిలే ఉంది. చీరను పళ్ళెంలో పెట్టి, పసుపు కుంకుమలతో సావుకారి ఇంటికి పంపారు. పెదనాయన పెద్ద తలపాగా చుట్టుకుని ముందు నడిచాడు, ఆడవాళ్ళ తరఫున మా అమ్మ, మా అమ్మ కొంగు పట్టుకుని నేను. సావుకారమ్మ రాయచూరు దిక్కు మనిషి, ఒళ్ళంతా బంగారం, మాటంతా సగం కన్నడం. లోపలిగదిలో పెళ్ళిపిల్లకు చీర కట్టారు. ఎదుట నిలబెడితే ఆడవాళ్ళందరూ ముందుకు జరిగి చూశారు. చిలుకలు వరుసగా నడుము దగ్గర్నుంచి భుజం మీదికి ఎక్కుతున్నాయి. మా అమ్మ కళ్ళల్లో కూడా గర్వం కనిపించింది. "ఏదీ, తిరుగు" అంది సావుకారమ్మ. పిల్ల వెనక్కి తిరిగింది. భుజం దాటిన చిలుకలన్నీ వీపు మీద కాళ్ళు పైకి, తలలు కిందికి పెట్టి వేలాడుతున్నాయి. ముందు పైకెక్కిన గుడ్డ భుజం దాటాక కిందికి దిగుతుంది కదా. ఆ సంగతి చీర కట్టుకునే ప్రతి ఆడదానికీ తెలుసు. చీరను మగ్గం మీద పడుకోబెట్టి మాత్రమే చూసిన మా పెదనాయనకు తెలియదు. సావుకారమ్మ, "ఏన్రీ ఇదు! చిలుకలా, గబ్బిలాలా? నా బిడ్డ పెండ్లిల ఈపు మీద గబ్బిలాలా?" అని అరిచింది. ఒక పిల్ల ఫక్కుమంది. ఆ తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు. అరుగు మీద కూర్చున్న పెదనాయనకు అన్నీ వినబడ్డాయి. సావుకారి ఒక్కటే మాట అన్నాడట, పెళ్ళిలోపు ముందు కూడా చిలుకలు నిలబడాలి, వెనక కూడా నిలబడాలి, ఎట్లనో నీ అమ్మవారినే అడుగు, కాదంటే రేపటి నుంచి నా దారం ముట్టకు అని.

మేము తిరిగి వచ్చేసరికి మా ఇంట్లో అత్తమ్మ మొగుడు మంచం మీద కూర్చుని ఉప్మా తింటున్నాడు. చీర అప్పజెప్పిన రోజే చెల్లెలిని కూడా అప్పజెప్పి చేతులు దులుపుకోవాలని మా పెదనాయన ముందే కబురు పంపాడు మరి. వచ్చినాయన మా ఇంటికి కానుకగా కొత్త కాలెండరు ఒకటి తెచ్చి గోడకు తగిలించాడు. తాళంచెవులు నడుముకు ఉన్నాయి. అత్తమ్మ మూట కట్టి గుమ్మం దగ్గర పెట్టి ఉంది. ఆమె మూట పక్కనే మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. పెదనాయన తేలు కుట్టిన దొంగలా వచ్చి, చంకలో చీర పెట్టుకుని, బావను పలకరించకుండా తిన్నగా ఆమె దగ్గరికి పోయాడు. ఆయనకు వేరే దారి లేదు. మా పెద్దమ్మ చనిపోయి చాలా ఏళ్ళయింది. మా అమ్మను అడుగుదామంటే తమ్ముడి భార్యతో ముఖాముఖి మాట్లాడే పద్ధతి మా ఇళ్ళలో లేదు. బయటి ఆడవాళ్ళను అడిగితే అమ్మవారి కల బయటపడుతుంది.

"చెల్లే, ఏడ తిప్పాల్నే చిలుకలను?" అన్నాడు మెల్లగా.

"నాకేం తెల్సు అన్నా. కండెలు సుట్టేదాన్ని."

"గట్లనకు. సావుకారి దారం బందు పెడ్తనన్నడు. రెండు మగ్గాలు ఆగితయి. పోరగాళ్ళు ఏం తినాలె?"

అత్తమ్మ లేచి నిలబడింది. "నా మూట కట్టేసింది అన్నా. తెలివి గూడ అండ్లనే ఉన్నది. నువ్వే ఇప్పు."

పెదనాయన అటూ ఇటూ చూశాడు. ఆ ఇంట్లో ఆయన కింద కూర్చుని ఎవరి మూటా విప్పిన పాపాన పోలేదు. కూర్చున్నాడు. ముడి బిగుసుకుపోయింది, పళ్ళతో లాగాడు. లోపల రెండు చీరలు, ఒక దువ్వెన, కత్తెర. మంచం మీదాయన ఉప్మా పళ్ళెం పట్టుకుని, "ఇదేంది బావా, బస్సుకు టైమైతుంది" అన్నాడు. "నువ్వు జర ఊకో" అన్నాడు పెదనాయన. బావను అంత మాట అనడం నేను మొదటిసారి విన్నాను. అత్తమ్మ అక్కడితో ఆగలేదు. భర్త వైపు చూడకుండా, అన్న వైపే చూస్తూ, అందరికీ వినబడేలా చెప్పింది. "ఇంకో మాట. నేను ఈడనే ఉంట. ఇయ్యాల్టికెళ్ళి ఈ ఇంట్ల ఎవ్వరు వనపర్తి అన్న మాట అనద్దు. నవ్వులాటకు గూడ అనద్దు. అన్ననాడు నేను కత్తెర కింద పెడ్త." పెదనాయన తల ఊపాడు. ఆ ఇంట్లో తల ఊపేది మా నాన్న మాత్రమే అనుకునేదాన్ని.

అల్లుడుగారు ఉప్మా చివరి మెతుకు దాకా తిన్నాడు. చేయి కడుక్కున్నాడు. గోడ దగ్గరికి పోయి, తాను తగిలించిన కాలెండరు తీసి, చుట్టి, చంకలో పెట్టుకుని బస్సుకు పోయాడు. ఒక పెళ్ళాం పోయిందన్న బాధ కన్నా ఒక కాలెండరు మిగిలిందన్న తృప్తి ఆ ముఖంలో ఎక్కువగా కనిపించింది. నేను చిన్నపిల్లను, పొరబడి ఉండొచ్చు. పొరబడలేదనే అనుకుంటున్నాను.

ఆ సాయంత్రమే అత్తమ్మ సావుకారి ఇంటికి పోయింది. పెళ్ళిపిల్లకు పాత చీర ఒకటి కట్టి, భుజం మీద గుడ్డ మడత పడేచోట పసుపుదారం ముడి వేసి తెచ్చింది. అట్టలను వెనక్కి తిప్పితే నేతలో చిలుక తిరగబడుతుందని పెదనాయనకూ తెలుసు, ఎక్కడ తిప్పాలో మాత్రం తెలియదు. "మనిషి పొడుగును బట్టి భుజం మారుతది అన్నా. మగ్గానికి భుజం ఉంటదా?" అంది. ముడి ఉన్నచోట చిలుకలు ఆపి, సన్నటి తీగ ఒకటి గీసి, అక్కడి నుంచి అట్టలు వెనక్కి తిప్పించింది. రెండో చీర పెళ్ళికి అందింది. ముందు చిలుకలు నిలబడ్డాయి, వెనకా నిలబడ్డాయి. పేరు పెదనాయనకే వచ్చింది. అమ్మవారు రెండోసారి కూడా కలలోకి వచ్చి తప్పు దిద్దిందని చెప్పుకున్నాడు. తన డిజైను తానే సరిగా చూపించలేని అమ్మవారు మా గద్వాలలో తప్ప ఇంకెక్కడా ఉండదు. అత్తమ్మ ఆ పేరు కోసం ఏనాడూ పోట్లాడలేదు. నాకు ఒళ్ళు మండి అడిగితే, "పేరు తీస్కపోయి ఏం చేస్తడే? తలపాగలో సుట్టుకుంటడు. నాకు ఇల్లు దొరికింది" అంది. సావుకారి తిప్పిపంపిన గబ్బిలాల చీరను ఆమే ఉంచుకుంది. ప్రతి పెళ్ళికీ అదే కట్టేది. వెనక కూర్చున్నవాళ్ళు నవ్వితే, "నా ముంగట మంచిగనే ఉన్నయి. ఎనకది ఎనకోళ్ళ బాధ" అనేది.

ఇక ఆ మాట. మా ఇల్లు దాన్ని నిజంగానే పలకడం మానేసింది. మొదట పెదనాయన భయంతో మానేశాడు, తర్వాత అలవాటైంది. ఆ ఊరి బస్సును కృష్ణ అవతలి బస్సు అనేవాళ్ళం. బస్టాండులో కండక్టరు ఆ ఊరి పేరు అరుస్తుంటే, అత్తమ్మ పక్కన ఉన్నప్పుడు పెదనాయనకు ఎక్కడలేని దగ్గు వచ్చేది. నేను బడిలో నేర్చుకున్న ఊళ్ళ పేర్లు ఇంట్లో అప్పజెప్పేటప్పుడు ఒకటి మింగేసి పక్కదానికి పోయేదాన్ని, తప్పు చెప్పావని ఎవరూ అనేవారు కాదు. పాలకూ బియ్యానికీ ఇంట్లో ఎన్ని కొట్లాటలైనా, ఎంత కోపం వచ్చినా ఎవరి నోటా ఆ మాట రాలేదు. మా పెదనాయనకు జీవితంలో ఇచ్చిన మాట నిలబెట్టుకున్న గౌరవం ఒక్కటుంటే అది అదే. ఆయనంటే నాకున్న చిన్నచూపులో అంతవరకు మినహాయింపు ఇస్తున్నాను.

పెదనాయన పోయాడు, మా నాన్న పోయాడు, మా అమ్మ పోయింది. మగ్గాలు తమ్ముడి చేతికి వచ్చాయి. అత్తమ్మ చాలా ముసలిదై, చూపు పోయి, చూపు లేకపోయినా వేళ్ళతో తడుముకుంటూ పక్కింటి పిల్లలకు బొమ్మలు కోసిస్తూ, అదే వసారాలో పోయిన ఏడాది కన్నుమూసింది. కబురు అందగానే నేను నాగర్‌కర్నూల్ నుంచి వెళ్ళాను. ఆమె పక్కన కూర్చుంటే వాకిట్లో కులపెద్దల మాటలు వినబడుతున్నాయి. మెడలో పుస్తె ఉన్న మనిషి, మెట్టినింటివాళ్ళకు కబురు పోవాలి, వాళ్ళు వచ్చి చీర కప్పాలి, వాళ్ళ చేతుల మీదుగానే సాగనంపాలి, అది పద్ధతి అంటున్నారు. బతికినన్నాళ్ళు ఒక్కరోజు కనుక్కోని పద్ధతికి, చచ్చాక ఆమె చిరునామా కావాల్సి వచ్చింది.

"మొగుడు ఉన్నడో పోయిండో, ఆయన అన్నదమ్ముల కొడుకులైనా ఉంటరు గదా. ఏ ఊరు?" అన్నాడు పెద్దమనిషి.

మా తమ్ముడు నెత్తి గోక్కున్నాడు. "రాజోలి దిక్కు అనుకుంట" అన్నాడు. వాడి కొడుకు, "కాదు నాయినా, అమ్రాబాద్ అని ఎవరో అన్నరు" అన్నాడు. ఇంకెవరో ఉప్పునుంతల అన్నారు. వాళ్ళు దాయడం లేదు. నిజంగానే ఎవరికీ తెలియదు. ఆ మాట వినకుండా పుట్టి, ఆ మాట వినకుండా పెరిగినవాళ్ళు వాళ్ళు.

తమ్ముడు లోపలికి వచ్చి, "అక్కా, అత్తమ్మది ఏ ఊరో నీకేమన్న యాదికున్నదా?" అని అడిగాడు.

నేను ఆమె చేయి పట్టుకుని ఉన్నాను. కత్తెర పట్టి పట్టి బొటనవేలి దగ్గర కాయ కాచిన చేయి.

"తెల్వదు. ఈ ఊరే" అన్నాను.

పుట్టింటి చీరతోనే, తమ్ముడి చేతుల మీదుగానే సాగనంపాం. కాలమే అన్నీ మరిపిస్తుందని పెద్దలు తెగ చెబుతుంటారు. నేను చూసినంతవరకు కాలం ఉత్త సోమరిది, పక్కన నిలబడి పని చేయించే మనిషి ఒకరు లేకపోతే అది ఒక్క ఊరి పేరు కూడా మరిపించలేదు.